అద్దె పెట్టెలు

వారంలో రెండోసారి ఆ మనిషి సరిగ్గా ఇంటి ఎదురుగా ప్రత్యక్షమయ్యాడు.

"అదే తెల్ల టోపీ, అదే భుజం సంచీ," అంది టైలరమ్మ. డైరెక్టర్ మేడమ్ గదిలో కుర్చీ అంచున కూర్చుంది. పక్కనే నేలమీద ఆమె కుట్టు మిషను. ఎక్కడికి మారినా దాన్ని మాత్రం వదలదు. "పొద్దస్తమానం స్క్రీన్ ముందు కూర్చునే మనిషి మేడమ్. ఎండ పొడ గిట్టదు. అలాంటివాడు రెండు గంటలు రోడ్డు మీద నిలబడ్డాడు. ఒక్కసారి కూడా పైకి చూడలేదు. నేనెక్కడున్నానో తెలిసినవాడిలా నిలబడ్డాడు."

అతను ఆమె భర్త. ఆమె కుడి చెయ్యి రెండు చోట్ల విరిచాడు. ఈసారి దొరికితే చేతితో ఆగనన్నాడు. ఆమె ఛాయలకు వెళ్ళొద్దని కోర్టు చెప్పింది. అలాంటివాళ్ళ కంటపడకుండా ఆడవాళ్ళను దాచడమే ఈ సంస్థ పని. ఊరంతా చెదురుమదురుగా పదకొండు ఇళ్ళు. ఏ ఇంట్లో ఎవరున్నారన్నది నలుగురికే తెలుసు: మేడమ్, వార్డెన్, వ్యాను నడిపే డ్రైవరు, సంస్థ వెబ్ పోర్టల్ చూసే పెట్టెలక్క.

టైలరమ్మ మూడు నెలలు ఒకే ఇంట్లో నిశ్చింతగా ఉంది. నియమం ప్రకారం మంగళవారం ఇల్లు మార్చారు. బుధవారం పొద్దునకల్లా అతను ఎదుటి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. హడావుడిగా గురువారం ఇంకో ఇంటికి మార్చారు. శుక్రవారం పదింటికి అక్కడా వచ్చాడు. వెనక గుమ్మంలోంచి ఆమెను, మిషన్‌ను వ్యానులో వేసుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టారు.

టైలరమ్మను లోపలి గదిలోకి పంపి మేడమ్ తలుపు వేసింది. వార్డెన్, పెట్టెలక్క ఆమె ఎదురుగా ఉన్నారు. వార్డెన్ చేతిలోని పుస్తకం తెరిచాడు.

"నేను ఎవరినీ ఏమీ అనను," అన్నాడు, అనబోయేవాళ్ళు మాట్లాడే తీరులోనే. "వ్యాను మీటరు మాత్రం చూడండి. మంగళవారం వెళ్ళాల్సింది ఆరు కిలోమీటర్లు, తిరిగింది పదిహేడు. గురువారం నాలుగు, తిరిగింది పదిహేను. రెండుసార్లూ పదకొండు ఎక్కువ. అడిగితే 'నా దారి నా ఇష్టం' అంటాడు. ఆ పదకొండు కిలోమీటర్లలో ఎవరిని కలిశాడో ఆయనకే తెలియాలి."

పెట్టెలక్క మొహం వేడెక్కింది. ఆ డ్రైవరు ఆమె మేనమామ. వాళ్ళమ్మకు ఆఖరి తమ్ముడు. రెండేళ్ళ కిందట ఈ ఉద్యోగం ఇప్పించింది తనే.

"మా మావయ్య అలాంటివాడు కాదు," అంది. అన్న మరుక్షణమే, తను ఎంత గట్టిగా అందో అంత నమ్మకం లేదని తెలిసింది. బుధవారం మధ్యాహ్నం షెడ్డు వెనక ఫోనులో గుసగుసగా మాట్లాడుతూ, తనను చూడగానే ఫోను జేబులో వేసుకోవడం గుర్తొచ్చింది.

"రేపు పదింటికి ఆమెను మూడో ఇంటికి మార్చాలి," అంది మేడమ్. "ఇక్కడ ఉంచలేను, మన ఆఫీసు ఎక్కడుందో అతనికి తెలుసు. మాట ఎక్కణ్ణుంచి బయటికి పోతోందో అప్పటికి తేలకపోతే మూడో ఇల్లు కూడా అతనికి మనమే చూపించినట్టవుతుంది. ఈసారి అతను వచ్చేది టోపీ పెట్టుకుని రోడ్డు మీద నిలబడ్డానికి కాదు."

వార్డెన్ వెళ్ళేదాకా ఆగి, పెట్టెలక్క కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"మేడమ్, ఒక్కొక్కరికి ఒక్కో దొంగ అడ్రసు చెబుదాం. అతను ఏ అడ్రసుకు వస్తే ఆ నోరే లీకు. ఇన్‌స్పెక్టరమ్మను అడిగితే మఫ్టీలో మనుషుల్ని ఇస్తుంది."

మేడమ్ ఆలోచించింది. "వార్డెన్‌కు ఒకటి. మీ మావయ్యకు ఒకటి. మరి నీ పోర్టలో?"

"నా పోర్టలా?" పెట్టెలక్కకు చురుక్కుమంది. "అందులో పేర్లు కూడా ఉండవు మేడమ్, నంబర్లే. మన నలుగురికి తప్ప ఎవరికీ తాళం లేదు."

"అందుకే అందులోనూ ఒకటి పెట్టు. ఎవరూ రారు, నీ మీద వేలెత్తి చూపే పని ఉండదు. ఆ అడ్రసు నాక్కూడా చెప్పకు." మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఆ నలుగురిలో నేనూ ఒకదాన్నే. నన్నూ అనుమానించు."

పెట్టెలక్క అనే పేరు పెట్టింది మావయ్యే. రోజంతా పేజీలో పెట్టెలు అటు జరిపి ఇటు జరిపి కూర్చుంటుందని. సంస్థ పోర్టల్ ఒక్క పేజీ. అందులో ఎన్నో పెట్టెలు: ఒకదాంట్లో కేసు నంబరు, అడ్రసు, ఇంకోదాంట్లో డాక్టరు అపాయింట్‌మెంట్లు, వేరేదాంట్లో ఊరి మ్యాపు. కొన్ని పెట్టెలు సొంతం, మన సర్వర్లోనే తయారవుతాయి. కొన్ని రిమోట్ పోర్ట్‌లెట్లు. ఆఫీసు వాడుకలో అద్దె పెట్టెలు. అవి ఎక్కడో వేరే కంపెనీ సర్వర్లో తయారై, మన పేజీలో కనిపిస్తాయంతే. మ్యాపు అలాంటిదే. చూసేవాళ్ళకు ఏది సొంతమో ఏది అద్దెదో తేడా తెలియదు.

సోమవారమే పెట్టెలక్క పోర్టల్ కొత్త వెర్షన్ ఎక్కించింది. మిగతా ముగ్గురినీ కూర్చోబెట్టి కొత్త సదుపాయాలు చూపించింది. ఒకటి, అద్దె పెట్టెలు ఇకమీదట చకచకా తెరుచుకుంటాయి. రెండు, పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. కేసు పెట్టెలో అడ్రసు కొట్టి 'చూపించు' నొక్కితే, మళ్ళీ టైపు చేసే పని లేకుండా మ్యాపు పెట్టె దానంతటదే దారి గీస్తుంది. మేడమ్ చప్పట్లు కొట్టింది. మూడోది, ఏ పెట్టె ఏ పెట్టెకు ఏం చెప్పిందో రాసిపెట్టే జాబితా. దాన్ని చూపిస్తుంటే మావయ్య ఆవులించాడు. ఎవరు చదువుతార్లే అని పెట్టెలక్క కూడా అక్కడితో ఆపేసింది.

వార్డెన్ చెవిలో మేడమే వేసింది: రేపటి ఇల్లు గ్రంథాలయం వెనక వీధిలో అని. మావయ్యకు చెప్పే పని పెట్టెలక్క మీద పడింది.

ఆయన షెడ్డులో వ్యాను అద్దం తుడుస్తున్నాడు. ముందు సీటు ఎప్పటిలాగే ఖాళీగా, దులిపి ఉంది. సాయంత్రాలు ఆమెను ఇంటి దగ్గర దింపుతాడు. ఆ సీట్లో ఇంకెవరినీ కూర్చోనివ్వడు.

"మావయ్యా, రేపు ఐస్ ఫ్యాక్టరీ వెనక సందు. నాలుగో నంబరు. సాయంత్రంలోపు ఒకసారి దారి చూసి రా."

ఆయన చేతిలో గుడ్డ ఆగింది. "ఈ మాట నువ్వు చెప్తున్నావా, మేడమ్ చెప్పమందా?"

"మేడమే."

"ఎప్పుడూ ఆవిడే చెప్తుందిగా అమ్మడూ. ఇవాళ మధ్యలో నువ్వెందుకు?"

"ఆవిడకు పని ఉంది. నువ్వు మరీ అనుమానం పక్షిలా మాట్లాడతావేంటి?"

"నేనా!" అని ఒక్క నవ్వు నవ్వాడు. మళ్ళీ అద్దం వైపు తిరిగాడు. అద్దంలోంచి ఆయన కళ్ళు తననే చూస్తున్నట్టనిపించి పెట్టెలక్క గబగబా బయటికి వచ్చేసింది. బుధవారం ఫోనులో ఎవరితో మాట్లాడావు అని అడగాల్సింది. అడిగితే అబద్ధం చెబుతాడేమోనన్న భయంతో అడగలేదు.

తన గదికి వచ్చి తలుపు గడియ పెట్టుకుంది. పరీక్షల కోసం వాడే ఉత్తుత్తి కేసు తెరిచింది. కాసేపు ఆలోచించి గడియారాల రిపేరు షాపులుండే వీధి పేరు కొట్టింది. ఇంటి నంబరు 17/బి. ఆ వీధిలో పదిహేడుంది, పద్దెనిమిదుంది. బై బి లేదు. అది ఆ క్షణాన తన బుర్రలో పుట్టిన నంబరు. 'చూపించు' నొక్కింది. మ్యాపు పెట్టె పాపం చాలా సేపు వెతుక్కుని, వీధి మధ్యలో ఒక ఎర్ర చుక్క పెట్టింది. గోడ గడియారం ఒంటి గంట నలభై రెండు చూపిస్తోంది.

ఇన్‌స్పెక్టరమ్మ ఇద్దరు కానిస్టేబుళ్ళనే ఇవ్వగలిగింది. ఒకరు ఐస్ ఫ్యాక్టరీ దగ్గర, ఒకరు గ్రంథాలయం వెనక. "మూడో చోటికి ఎవరూ రారన్నావుగా, అక్కడ నువ్వే కూర్చో. ఏదైనా ఉంటే మెసేజ్ కొట్టు," అంది. గ్రంథాలయం నుంచి గడియారాల వీధికి నడిస్తే ఆరేడు నిమిషాలు.

మూడింటికి పెట్టెలక్క ఆ వీధిలో జెరాక్స్ షాపులో ఒక స్టూలు సంపాదించింది. చుట్టాల కోసం ఎదురుచూస్తున్నానంది. షాపాయనకు మాట్లాడే మనిషి దొరికితే చాలు. తన మోకాళ్ళ నొప్పులు, జెరాక్స్ మిషను నొప్పులు కలిపి చెప్పాడు. ఆమె సగం వింటూ ఫోనే చూస్తోంది. ఐస్ ఫ్యాక్టరీ నుంచి ఏ క్షణాన్నైనా కబురు రావొచ్చు. రాకూడదని కోరుకుంటోంది. వస్తే అమ్మకు ఏమని చెప్పాలో మాటలు కూడా వెతుక్కుంటోంది.

నాలుగు దాటాక షాపాయన లేచాడు. "టోనరు అయిపోయింది. పక్క వీధి నుంచి తెచ్చుకుంటా, కాస్త చూస్తూ ఉండమ్మా."

ఆయన అటు వెళ్ళాడో లేదో ఎవరో మెట్టెక్కారు.

"ఏవండీ, పదిహేడు బై బి ఎక్కడ?"

తెల్ల టోపీ. భుజం సంచీ.

పెట్టెలక్క ఫోనును బల్ల కిందికి జరిపింది. ఐస్ ఫ్యాక్టరీ కాదు. గ్రంథాలయం కాదు. మేడమ్ కూడా కాదు. ఈ లోకంలో ఒక్క మనిషికే తెలిసిన నంబరు ఈ నోట్లోంచి వచ్చింది.

"బై బి నా?" అంది. "పదిహేడుంది, పద్దెనిమిదుంది. బై బి ఎప్పుడూ వినలేదే. ఎవరి కోసమండీ?"

"మా ఆవిడ. చిన్న మాట పట్టింపు, అలిగి వచ్చేసింది." నవ్వాడు. మంచి నవ్వే. ఎవరైనా నమ్మేస్తారు. "కుట్టు మిషను ఉంటుంది ఆవిడ దగ్గర. ఇక్కడెక్కడైనా చప్పుడు విన్నారా?"

"ఈ వీధిలో టిక్కుటిక్కులు తప్ప ఏం వినపడతాయి!" బల్ల కింద ఆమె బొటనవేలు ఇన్‌స్పెక్టరమ్మకు ఒకే మాట పంపింది: ఇక్కడ. "షాపాయనకు ప్రతి గుమ్మం తెలుసు. ఇప్పుడే వస్తాడు, కూర్చోండి."

అతను కూర్చోలేదు. "మరి మీరు?"

"ఆయన తమ్ముడి కూతుర్ని."

"మిషను స్విచ్చి కూడా వెయ్యలేదే."

"టోనరు లేకుండా వేస్తే మా పెదనాన్న నా వీపు విమానం మోత మోగిస్తాడు." ఆ మాట ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఆమెకే తెలియదు. "అడ్రసు రాసుందా? చూపించండి, మీరే తప్పు చదివారేమో."

ఒక్క క్షణం సందేహించి ఫోను ముందుకు పెట్టాడు. తెర మీద మూడు వరుసలు. మొదటిది మంగళవారం ఇల్లు. రెండోది గురువారం ఇల్లు. మూడోది ఇదే. ప్రతి వరుస చివరా తేదీ, గంటలు, నిమిషాలు. మూడోదాని చివర 13:42:07.

ఆమె ఆ ఏడు దగ్గర ఆగిపోయింది. మనుషులు చెవిలో ఊదే మాటలకు సెకన్లు ఉండవు. ఇది ఏ నోరూ చెప్పింది కాదు, యంత్రం రాసింది.

"తప్పేం కాదు, బై బి నే," అంది నెమ్మదిగా. "పదిహేడో ఇంటి వెనక వాటాను అలా అంటారేమో. ఆ పక్క సందులోంచి వెళ్ళాలి. గేటు తాళం మా పెదనాన్న దగ్గరే ఉంటుంది, ఉండండి."

తాళం అనేసరికి అతను ఆగాడు. సంచీ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. బరువైనదేదో లోపల ఖణేల్‌మంది. ఎదురు షాపులో నాలుగున్నర కొట్టాయి, ఒకదాని తర్వాత ఒకటి, ఏ రెండు గడియారాలూ కలవకుండా.

షాపాయన టోనరుతో, ఆయన వెనకే మఫ్టీ కానిస్టేబులు మెట్టెక్కారు. కానిస్టేబులు అతని మణికట్టు పట్టుకున్నాడు. సంచీ తెరిస్తే అందులో గునపం.

"ఎవరమ్మా వీళ్ళు? నువ్వు చెప్పిన చుట్టాలేనా?" అన్నాడు షాపాయన నోరు వెళ్ళబెట్టి.

ఆఫీసుకు తిరిగొచ్చిన పెట్టెలక్క కుర్చీలో కూర్చోకుండానే ఆ మూడో సదుపాయం తెరిచింది. ఎవరూ చదవరనుకున్న జాబితా. ఒంటి గంట నలభై రెండు నిమిషాల ఏడు సెకన్లు. పంపినది కేసు పెట్టె. అందుకున్నవి రెండు.

ఒకటి ఉండాలి. రెండున్నాయి.

మొదటిది కొత్త మ్యాపు. రెండోది పాత మ్యాపు.

ఆమె కుర్చీలో కూలబడింది. పాత మ్యాపు కంపెనీతో ఒప్పందం ఏడాది కిందటే అయిపోయింది. అప్పుడా పెట్టెను పీకేయబోతే పేజీలో నిలువు వరుసలన్నీ కుప్పకూలాయి. 'ఏమిటీ వంకర పేజీ' అని మేడమ్ విసుక్కుంది. సరిచేస్తూ కూర్చోవాలంటే రెండు రోజుల పని. అందుకని ఆ పెట్టెను తీసేయలేదు, వెడల్పు సున్నా చేసింది. కంటికి కనపడదు, పేజీ చక్కగా నిలబడుతుంది. ఈ పనిలో ఉన్నవాళ్ళందరూ చేసేదే. అద్దెకున్నవాణ్ణి ఖాళీ చేయించకుండా వాడి గుమ్మానికి తెర కట్టేసి, ఇంట్లో ఎవరూ లేరనుకుంది.

ఏడాదిపాటు ఆ పెట్టె మూగగా, చెవిటిగా పడి ఉంది. సోమవారం కొత్త వెర్షన్ వచ్చి దానికి చెవులు ఇచ్చింది. పేజీలో ఎవరు అడ్రసు చెప్పినా, వినడం తెలిసిన పెట్టెలన్నీ వింటాయి. ఇదీ వింది. విన్నది విన్నట్టు తన యజమాని సర్వరుకు మోసుకుపోయింది.

లేచి టైలరమ్మ ఉన్న లోపలి గదిలోకి పరుగెత్తింది. "మీ ఆయన ఏ కంపెనీలో చేసేవాడు?"

టైలరమ్మ మిషను మూత మీద నుంచి తల ఎత్తింది. "మ్యాపుల కంపెనీ. సర్వర్లు చూసే పని. ఎందుకమ్మా?"

పేరు అడిగితే ఆ పాత మ్యాపు కంపెనీ పేరే చెప్పింది. ఏ సంస్థ ఆమెను దాచిందో కోర్టు కాగితాల్లో ఉంది. ఆ సంస్థ పేరుతో తన సర్వరుకు అడ్రసులు నడిచి వస్తుంటే, వాటిని చూసే ఉద్యోగమే అతనిది.

మేడమ్ గది తలుపు తోసింది. వార్డెన్ కూడా అక్కడే ఉన్నాడు.

"తెలిసిందా? ఎవరు?" అంది మేడమ్.

"నేను."

చెప్పడానికి పావుగంట పట్టింది. వార్డెన్ సగంలోనే మీటరు పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. మేడమ్ చివరిదాకా విని ఒకటే అడిగింది. "ఇప్పుడా పెట్టె?"

"పీకేశాను. పేజీ కూలిపోయింది."

"కూలనీ. వంకరగానే చూసుకుందాం."

శనివారం పదింటికి మేడమ్ ఒక చీటీ మీద మూడో ఇంటి అడ్రసు రాసింది. పోర్టల్‌లో ఎక్కించలేదు, పైకి చదవలేదు. మావయ్య చూసుకుని తిరిగిచ్చాడు. ఆమె చింపేసింది. భర్త స్టేషన్లో ఉన్నా, ముందటి రెండు ఇళ్ళ అడ్రసులు ఇంకెన్ని చోట్ల రాసి పెట్టాడో ఎవరికి తెలుసు?

పెట్టెలక్క కుట్టు మిషన్‌కు ఒకవైపు చెయ్యి వేసింది. రెండోవైపు మావయ్య పట్టుకున్నాడు. వ్యానులోకి ఎక్కించాక ఆయన చేతులు దులుపుకున్నాడు.

"ఐస్ ఫ్యాక్టరీ మూసి రెండేళ్ళయింది. వెనక సందులో ఇళ్ళే లేవు, గోడౌన్లున్నాయి," అన్నాడు. "ఈ ఊళ్ళో డ్రైవరుకు దొంగ అడ్రసు చెప్తే తెలీదనుకున్నావా అమ్మడూ?"

"తెలిసీ వెళ్ళావా?"

"చూసి రమ్మన్నావుగా. చూశాను. గోడ పక్కన ఒక పోలీసాయన పేపరు తలకిందులుగా పట్టుకుని చదువుతున్నాడు. మంచిగా ఉన్నారా అని పలకరించి వచ్చాను."

ఆమెకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. "ఆ పదకొండు కిలోమీటర్లు?"

"ఎవరైనా వెంటపడుతున్నారేమోనని ఊరి చివర రింగు రోడ్డు పూర్తిగా ఒక చుట్టు తిరుగుతాను. కొత్త ఇంటికి ఎవర్ని తీసుకెళ్ళినా తిరుగుతాను. ఏ చుట్టు తిరుగుతానో పుస్తకంలో రాస్తే ఇంకెందుకు తిరగడం?"

"బుధవారం ఫోనులో?"

"మీ అమ్మ. నీకు ఒంట్లో బాగుండట్లేదని, సరిగ్గా తింటున్నావో లేదో చూడమంది. నీకు చెప్పొద్దంది." ఆయన డ్రైవరు సీటెక్కి తలుపు లాక్కున్నాడు. "అడిగితే చెప్పేవాణ్ణే."

అప్పుడు చూసింది. ముందు సీట్లో ఆయన పానాల పెట్టె ఉంది. ఇనప పెట్టె, సీటంతా ఆక్రమించుకుని. ఆమె తలుపు దగ్గర నిలబడింది. ఆయన దాన్ని జరపలేదు. జరపనని కూడా అనలేదు.

పెట్టెలక్క వెనక్కి వెళ్ళి టైలరమ్మ పక్కన కూర్చుంది. మిషను కదలకుండా ఇద్దరూ చెరో వైపు కాళ్ళు అడ్డం పెట్టారు.

"నువ్వూ వస్తున్నావా?" అంది టైలరమ్మ. తర్వాత గొంతు తగ్గించి, "ఇవాళ అడ్రసు ఎవరెవరికి తెలుసు?"

"మేడమ్‌కి, ముందున్నాయనకి."

"నీకు?"

"తెలీదు."

టైలరమ్మ కాసేపు ఆమె మొహంలోకి చూసింది. అప్పుడు వెనక్కి ఆనుకుంది, వారంలో మొదటిసారి.

వ్యాను గేటు దాటి, వెళ్ళాల్సిన వైపు కాకుండా రింగు రోడ్డు వైపు తిరిగింది. మావయ్య పైన అద్దం సరిచేసుకున్నాడు. వెనక వచ్చే బళ్ళు కనపడేలా ఒకసారి. మళ్ళీ కాస్త కిందికి వంచి, ఈసారి మేనకోడలు కనపడేలా.